పెరటి ముచ్చట్లు: లిల్లీ దుంపకు ఎండ ఎప్పుడు, చలి ఎప్పుడు?

గత సంచిక వచ్చిన తరువాత ఈ శీర్షికకు చేరిన ఉత్తరాలలో సగం కరివేపాకు మొక్క గురించీ, తక్కినవి గులాబీ కొమ్మల కత్తిరింపు గురించీ ఉన్నాయి. వాటికి విడివిడిగా జవాబులు వ్రాశాను. ఒక్క ఉత్తరాన్ని మాత్రం పక్కన పెట్టుకున్నాను. అది ఒక్కరికి జవాబు చెప్పి ఊరుకునేది కాదనిపించింది. మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు జరుగుతున్న కథే అది.

ఉత్తరం జయనగరం నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె కుమార్తె షికాగో దగ్గర ఉంటుంది. వీసా కాగితాల చిక్కు వల్ల ఈ ఏడు పండక్కి రాలేనని చెప్పిందట. తల్లీకూతుళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. దీపావళి నాడు ఇక్కడ ఆమె ఆరు లిల్లీ దుంపలు, అక్కడ అమ్మాయి ఆరు లిల్లీ దుంపలు, ఒకే రంగువి, ఒకే రోజున ఇంట్లో కుండీలలో నాటుకున్నారు. ఎవరి పువ్వు ముందు విచ్చుకుంటుందో చూద్దామని పందెం. ఇప్పుడు రెండు చోట్లా వేళ్ళు పట్టాయి. తల్లి ఇంట మొలకలు జానెడు ఎత్తు వచ్చాయి. కూతురు ఇంట కుండీలు బేస్‌మెంటులో చల్లగా ఉండే మూల పెట్టడం వల్ల ఒక్కదానికి మాత్రం ముక్కు కనిపిస్తోంది, తక్కిన అయిదింటికి వేళ్ళే తప్ప మొలక లేదు. ఇక కుండీలను బయట పెట్టవచ్చునా అని ఇద్దరి ప్రశ్న. "మా అత్తగారేమో ఇంత చలిలో పసిపిల్లల్ని బయట పడుకోబెడతారా అంటున్నారు. మా అమ్మాయేమో ఇండియాలో చలేమిటమ్మా అని నవ్వుతోంది. మీరు చెప్పినట్టు చేస్తాం. ఒక్క పువ్వయినా పోకూడదు" అని వ్రాశారు ఆ సోదరి.

అత్తగారి మాటా తప్పు కాదు, అమ్మాయి మాటా తప్పు కాదు. కాకపోతే ఇద్దరూ రెండు వేరు వేరు ఊళ్ళ గురించి మాట్లాడుతున్నారు. బెంగుళూరులో ఉన్న దుంపకు ఇప్పుడు కావలసింది వెలుతురు. షికాగోలో ఉన్న దుంపకు కావలసింది చల్లని నిద్ర. ఒకటే జాతి, ఒకటే రోజు నాటినవి, అయినా రెండింటికీ ఒకే జవాబు పనికిరాదు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా పేరు సంగతి. మన తెలుగునాట పూలకొట్టుకు వెళ్ళి "లిల్లీ పూలు కావాలి" అంటే ఇచ్చేది నేలసంపెంగ. పెళ్ళి దండల్లో తెల్లగా, రాత్రిపూట ఘుమఘుమలాడేది. కన్నడంలో దానినే సుగంధరాజ అంటారు. కె.ఆర్. మార్కెట్టులో తెల్లవారుజామున గుట్టలు గుట్టలుగా పోసి అమ్మేది అదే. దాని పుట్టిల్లు మెక్సికో. వృక్షశాస్త్రం లెక్కన అది లిల్లీ కాదు. వానలు పడగానే గులాబీ రంగులో పూసే వాన లిల్లీ, మే నెలలో ఎర్రని బంతిలా విచ్చుకునే ఫుట్‌బాల్ లిల్లీ, పెద్ద పెద్ద గరాటాల్లా పూసే హిప్పియాస్ట్రమ్, ఇవేవీ అసలు లిల్లీలు కావు. అసలైన లిల్లీలకు శాస్త్రంలో లిలియమ్ అని పేరు. పువ్వుకు ఆరు రేకులు, మధ్యలో పుప్పొడి నిండిన ఆరు కేసరాలు, నిటారుగా నిలిచే ఒకే కాండం, దాని చుట్టూ సన్నని ఆకులు. బొకేల్లో, హోటళ్ళ ముందరి హాళ్ళలో మనం చూసేవి ఇవే. ఈనాటి ముచ్చట వీటి గురించే.

ఇవి మొత్తం పరాయి దేశపు పూలే అనుకోనక్కరలేదు. నీలగిరి కొండల్లో, పళని కొండల్లో దానంతట అదే పెరిగే తెల్లని పొడవాటి లిల్లీ ఒకటి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రాబర్ట్ వైట్ అనే స్కాట్లండు దేశపు వైద్యుడు దానికి నీలగిరుల పేరే పెట్టాడు. ఆయన (1796-1872) మందుల కన్నా మొక్కల మీదనే ఎక్కువ పనిచేశాడు. ఆయన గ్రంథాలకు వేల సంఖ్యలో మొక్కల బొమ్మలు కావలసివచ్చాయి. వాటిలో చాలా భాగం వేసినవారు రంగయ్య, గోవిందు అనే ఇద్దరు మన దేశపు చిత్రకారులు. గోవిందు పనికి మెచ్చి వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి "గోవిందూయియా" అని పేరు పెట్టాడంటే ఆ చేతి నైపుణ్యం ఎంతటిదో ఊహించుకోండి. అంటే దక్షిణ దేశపు కొండ చలి ఉంటే లిల్లీ ఇక్కడ బ్రతుకుతుంది. మన బెంగుళూరు కొండ కాదు, అలాగని సముద్రపు ఒడ్డూ కాదు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. అందుకే ఇక్కడ లిల్లీ పూస్తుంది, కాని కొంచెం పేచీ పెట్టి పూస్తుంది.

ఇక దుంప స్వభావం చూద్దాం. ఉల్లిపాయకు పైన ఎండిన పొర ఉంటుంది, అందువల్ల నెలల తరబడి బుట్టలో పడి ఉన్నా ఎండిపోదు. లిల్లీ దుంపకు ఆ చొక్కా లేదు. వెల్లుల్లి రెబ్బల్లాంటి మెత్తని పొలుసులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, అంతే. అందుచేత గాలికి వదిలితే వడలిపోతుంది, తడిలో ముంచితే కుళ్ళిపోతుంది. ఇంకొక విశేషం, దీనికి వేళ్ళు రెండు రకాలు. దుంప అడుగున లావుగా, కండపట్టి ఉండే వేళ్ళు ఒక రకం. అవి దుంపను పట్టి ఉంచడమే కాక, ముడుచుకుంటూ దుంపను నెమ్మదిగా లోతుకు లాగుతాయి కూడా. దుంపకు పైన, మట్టిలో ఉన్న కాండం మీద సన్నగా వచ్చేవి రెండో రకం. పువ్వుకు కావలసిన తిండిలో చాలా భాగం తెచ్చి పెట్టేది ఈ రెండో రకమే. ఈ రెండు రకాల వేళ్ళకూ దెబ్బ తగలకుండా కుండీని బయటికి మార్చడమే మొత్తం కిటుకు.

మూడో సంగతి చలి. లిల్లీ పుట్టిన ప్రాంతాలలో శీతకాలం నిజంగా శీతకాలమే. దుంప మట్టి కింద 2 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ చలిలో ఎనిమిది, పది వారాలు పడుకుంటేనే లోపల పూమొగ్గకు పిలుపు అందుతుంది. ఆ చలి తగలకపోతే ఆకులు వస్తాయి గాని పువ్వు రావడం కష్టం. బెంగుళూరు వాతావరణ చరిత్రలో అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అది 1884 జనవరి 13న నమోదయింది. మామూలుగా జనవరిలో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు, మధ్యాహ్నం 27, 28 డిగ్రీలు ఉంటుంది. మనకు శాలువా కప్పుకునే చలే గాని లిల్లీ దుంపకు ఇది చలే కాదు. మరి మన ఇళ్ళలో పూస్తున్నవి ఎలా పూస్తున్నాయంటారా? అవి చాలావరకు హాలెండు నుంచి వస్తాయి. అక్కడే చల్లని గదుల్లో పెట్టి, చలి మొక్కు తీర్చి పంపుతారు. మనం కొనే దుంపలో ఒక ఏడాదికి సరిపడా చలి ముందే దాచి ఉంటుందన్నమాట. మనం చేయవలసిందల్లా దాన్ని పెరగనివ్వడం.

కాబట్టి జయనగరం సోదరికి నా జవాబు: పెట్టండమ్మా, తప్పకుండా బయట పెట్టండి. ఇంట్లో ఉంచితేనే ప్రమాదం. గది లోపలి వెలుతురు మన కళ్ళకు చాలినంత అనిపిస్తుంది గాని మొక్కకు అది చీకటితో సమానం. వెలుతురు చాలకపోతే కాండం సన్నగా సాగి, కిటికీ వైపు వంగి, మొగ్గ బరువు మోయలేక వాలిపోతుంది. మొగ్గలు చిన్నగా ఉన్నప్పుడే పసుపు పచ్చబడి రాలిపోవడమూ ఉంది. ఇక్కడ మంచు పడదు, నేల గడ్డకట్టదు. మీ అత్తగారి భయానికి ఇక్కడ కారణం లేదు. మీరు భయపడవలసినది చలికి కాదు, ఎండకు. బెంగుళూరు 13వ అక్షాంశం మీద ఉంది. పుష్యమాసమైనా మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటుంది, గాలిలో తడి ఉండదు. ఇంట్లో నీడపట్టున పెరిగిన లేత ఆకును ఒక్కసారి ఆ ఎండలో పెడితే రెండు రోజుల్లో తెల్లగా మాడిపోతుంది.

అందుకని పది రోజుల క్రమం ఒకటి పెట్టుకోండి.

మొదటి మూడు రోజులు కుండీలను బయట వరండాలోనో, మామిడిచెట్టు నీడనో ఉంచండి. నేరుగా ఎండ తగలకూడదు, గాలి మాత్రం తగలాలి. అయితే ఈదురుగాలి కొట్టే మూల వద్దు. నాలుగో రోజు నుంచి ఆరో రోజు వరకు ఉదయం తొమ్మిది గంటల దాకా ఎండ తగలనివ్వండి. ఏడో రోజు నుంచి పదో రోజు వరకు దాన్ని పదకొండు గంటల దాకా పెంచండి. ఈ పది రోజుల్లో ఆకు రంగు కొంచెం ముదురుతుంది, కాండం గట్టిపడుతుంది. ఆకు కొసలు ఎండినట్టు కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. పదకొండో రోజున శాశ్వతమైన చోటికి మార్చవచ్చు. తూర్పు ముఖంగా, ఉదయం ఎండ వచ్చి మధ్యాహ్నం గోడ నీడ పడే చోటు అన్నిటికన్నా మేలు. ఆపార్ట్‌మెంటు వారికి తూర్పు బాల్కనీ ఉంటే అదే చాలు. పడమటి బాల్కనీ మాత్రమే ఉన్నవారు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పాత తెల్ల పంచె ఒకటి తెరగా కట్టుకోండి.

మార్చడం రెండు విధాలు. కుండీ పది, పన్నెండు అంగుళాల లోతుది అయితే దాన్నే అలా బయట ఉంచడం మొదటి విధం. మొగ్గ కనిపించేసిన మొక్కలకు ఇదొక్కటే మంచిది, అప్పుడు వేళ్ళను కదిలించకూడదు. కుండీ చిన్నదై, అడుగు రంధ్రం నుంచి వేళ్ళు బయటికి వచ్చి, ఇంకా మొగ్గ తొడగనివైతే నేలలోకి మార్చడం రెండో విధం. అది చేసే తీరు చెబుతాను.

ముందు మడి సిద్ధం చేసుకోవాలి. మన బెంగుళూరు ఎర్రమట్టి ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది, తడిస్తే జిగురులా పట్టుకుంటుంది. అందుచేత రెండు పాళ్ళు ఎర్రమట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు ముతక ఇసుక కలపండి. పిడికెడు వేపపిండి వేస్తే పురుగు బాధ తగ్గుతుంది. పచ్చి పేడ వద్దు, దుంప కుళ్ళుతుంది. మడి నేలకన్నా ఆరంగుళాలు ఎత్తుగా ఉండాలి. గుంట తవ్వి ఒక బిందె నీళ్ళు పోసి చూడండి. అరగంటలో ఇంకిపోతే సరి. నీళ్ళు నిలిచి ఉంటే ఆ చోటు మార్చండి. లిల్లీకి చెప్పే సూత్రం ఒకటే, వేళ్ళు చల్లగా ఉండాలి, దుంప తడిలో నానకూడదు.

నాటే ముందురోజు సాయంత్రం కుండీకి నీళ్ళు పోయండి. మట్టి ముద్దలా పట్టి ఉంటుంది. మరునాడు ఎండ తగ్గాక, సాయంత్రం నాలుగున్నర దాటిన తరువాత పని మొదలుపెట్టండి. గుంట ముందే తవ్వి ఉంచుకోవాలి. ఎడమచేతి వేళ్ళ మధ్య కాండం ఉండేటట్టు అరచేతితో మట్టిని మూసి పట్టుకుని కుండీని తిరగేయండి. కుండీ అంచును మెట్టు మీద మెల్లగా తడితే మట్టి ముద్ద మొత్తం చేతిలోకి వస్తుంది. కాండం పట్టుకుని మాత్రం లాగకండి. లాగితే కాండం దుంప నుంచి ఊడివస్తుంది, ఆ ఏటికి పువ్వు ఆశ వదులుకోవలసిందే. మట్టి దులపకండి, వేళ్ళు విడదీయకండి. బొరిగెతో పొడవకండి. ముద్దను అలాగే గుంటలో దింపి, చుట్టూ కలిపిన మట్టి వేసి వేళ్ళతో అదమండి. కాలితో తొక్కకూడదు.

లోతు సంగతి. దుంప ఎంత ఎత్తు ఉంటే దానికి మూడింతల లోతున నాటాలని తోటమాలుల లెక్క. రెండంగుళాల దుంపకు ఆరంగుళాలన్నమాట. ఇది ఎందుకంటే ఇందాక చెప్పిన కాండపు వేళ్ళకు మట్టి కావాలి గనుక. పై మట్టి కొట్టుకుపోయి ఆ వేళ్ళు తెల్లగా బయటికి కనిపిస్తుంటే పైన రెండంగుళాల మట్టి, ఆకు ఎరువు కలిపి కప్పండి. ఊతకర్ర కూడా నాటిన రోజే, దుంపకు నాలుగు వేళ్ళ ఎడంగా గుచ్చేయండి. మొక్క వాలిన తరువాత గుచ్చితే కర్ర సరిగ్గా దుంప గుండెలోకి దిగుతుంది. తరువాత చెంబుడు నీళ్ళు పోసి, పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరచండి. మర్నాటి నుంచి రెండు రోజులు నీడ కల్పించండి. మొక్క కొంచెం వడలినట్టు ఉన్నా కంగారుపడి నీళ్ళు మీద నీళ్ళు పోయకండి.

నీళ్ళ లెక్క వేలే చెబుతుంది. చూపుడువేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. పోస్తే ఉదయమే పోయండి, మొదట్లో పోయండి, ఆకుల మీద చల్లకండి. పేనుబంక పడితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఆసియాటిక్ రకం దుంపలైతే నాటిన రెండున్నర, మూడు నెలలకు పూస్తాయి. వాసన ఉండదు గాని రంగులు మెండు. ఓరియంటల్ రకాలు మూడున్నర, నాలుగు నెలలు తీసుకుంటాయి. వాటికి సువాసన ఎక్కువ, నీడ కొంచెం ఎక్కువ కావాలి. దీపావళికి నాటినవి ఆసియాటిక్ అయితే జనవరి నెలాఖరుకో, ఫిబ్రవరి మొదట్లోనో మీ ఇంట పూయాలి.

ఇప్పుడు షికాగో అమ్మాయి సంగతి. అమ్మాయీ, మీ అమ్మగారికి చెప్పిన దానికి సరిగ్గా ఎదురు చెబుతున్నానని అనుకోకు. జనవరిలో అక్కడ నేల గడ్డకట్టి ఉంటుంది. ఆ నేలలో గుంట తవ్వడమే కుదరదు, తవ్వినా వెచ్చని ఇంటి నుంచి తెచ్చిన వేళ్ళు ఆ చలికి చితికిపోతాయి. కుండీతో సహా బయట పెట్టడం ఇంకా అపాయం. నేలలో నాటిన దుంపకు భూమి దుప్పటిలా పనిచేస్తుంది. కుండీకి నాలుగు పక్కలా చలిగాలే గనుక మట్టి మొత్తం గడ్డకడుతుంది. అలాగని వెచ్చని హాల్లో ఉంచితే దుంపకు కావలసిన చలి అందదు.

కాబట్టి మొలక రాని అయిదు కుండీలను వేడి పెట్టని గరాజులో, గోడ పక్కన, 2 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండే చోట ఉంచు. అంటే ఫారెన్‌హీట్‌లో 35 నుంచి 41. అక్కడ రాత్రిపూట అంతకన్నా బాగా దిగిపోతే కుండీలను అట్టపెట్టెలో పెట్టి చుట్టూ పాత దుప్పట్లు కుక్కు. మట్టి పూర్తిగా ఎండకుండా మూడు వారాలకొకసారి కాసిని నీళ్ళు చాలు. వెలుతురు అక్కరలేదు. మొలక లేని దుంపకు చీకటి నష్టం చేయదు. వసంతంలో నేల కరిగి, మట్టి చేతికి పొడిపొడిగా తగిలినప్పుడు మట్టి ముద్దతో సహా తోటలో నాటు. ఆ అయిదూ అక్కడి ఎండాకాలంలో, జూన్, జూలైలలో పూస్తాయి.

మొలక ముక్కు చూపిన ఆరోదాన్ని మాత్రం వాటితో కలపకు. అది నిద్రలేచింది. దాన్ని మళ్ళీ పడుకోబెట్టలేం. దక్షిణపు కిటికీ దగ్గర, హీటరు గాలి తగలకుండా, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెంచు. దుంప కొన్నప్పుడే దానికి చలి అంది ఉంటే మార్చి ప్రాంతంలో ఇంట్లోనే పూస్తుంది. అందకపోతే ఆకులతో సరిపెడుతుంది. ఆ ఆకులు దుంపకు బలమే. మంచు భయం పూర్తిగా తీరాక, మే నెల మధ్యలో, దానినీ నేలలోకి మార్చవచ్చు. తల్లీకూతుళ్ళ పందెం అసలు ఈ ఒక్క కుండీకీ, జయనగరం ఆరు కుండీలకీ మధ్యనే. గెలుపు జయనగరానిదే అవుతుందని ముందే చెప్పేస్తున్నాను. అయితే జూన్ నెలలో మాత్రం అక్కడ అయిదు మొక్కలు పూస్తుంటే ఇక్కడ ఒక్కటీ ఉండదు. అప్పటికి కాగితాల చిక్కు తీరి అమ్మాయి రావచ్చు, లేదా వాటిని చూడటానికి మీరే బయలుదేరవచ్చు.

ఒక మాట. అక్కడి నుంచి వచ్చే పిల్లలు అమ్మకు కానుకగా దుంపలను పెట్టెలో సర్దుకుని తేవాలని చూస్తుంటారు. అది వద్దు. నాటే దుంపలు, మొక్కలు మన దేశంలోకి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతీ, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. మట్టితో పాటు వచ్చే తెగులు ఒక్కటి చాలు, ఇక్కడి రైతుల పంట పోవడానికి. లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టు ప్రదర్శనల సమయంలో నర్సరీ దుకాణాలలో దుంపలు దొరుకుతాయి. కొనేటప్పుడు చేతితో నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా, అడుగున వేళ్ళు సజీవంగా ఉన్నవి తీసుకోండి. మెత్తబడినవి, నీలం బూజు లోపలిదాకా పట్టినవి వద్దు.

లాల్‌బాగ్ మాట వచ్చింది గనుక చెబుతాను. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. 1889లో అద్దాల మేడకు పునాది వేశారు. 1908లో మైసూరు రాజ్యానికి వచ్చిన క్రుంబీగల్ అనే జర్మను తోటమాలి ఈ ఊరి వీధుల్లో ఒక చెట్టు పూత అయిపోగానే ఇంకొకటి పూసేటట్టు చెట్లు ఎంచి నాటించాడని ప్రసిద్ధి. ఆయన 1956లో ఇక్కడే కన్నుమూశాడు. ఎక్కడెక్కడి చెట్లో ఈ ఊళ్ళో నిలదొక్కుకున్నాయంటే దాని వెనక ఏది ఎప్పుడు బయట పెట్టాలో, ఏది ఎన్నాళ్ళు నీడలో ఉంచాలో తెలిసిన చేతులున్నాయి.

పూసిన తరువాత ఏమి చేయాలని మరికొందరు అడుగుతారు. వాడిన పువ్వును మాత్రం తుంచండి. కాండాన్నీ ఆకులనూ ఉంచండి. వచ్చే ఏటి దుంపకు అన్నం వండేది ఆ ఆకులే. ఏప్రిల్, మే నెలల్లో అవి పసుపు పచ్చబడి ఎండిన తరువాత, మన వానలు ముదరక ముందే దుంపను తవ్వి తీయండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నేలలో వదిలేస్తే చాలావరకు కుళ్ళిపోతాయి. తీసిన దుంపను కడగకుండా మట్టి దులిపి, కొంచెం తడి ఉన్న కొబ్బరి పొట్టులో పెట్టి, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచిలో వేసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో అక్టోబరు దాకా ఉంచండి. హిమాలయపు చలి కాకపోయినా మనకు చేతిలో ఉన్న చలి అదే. యాపిల్, అరటి పళ్ళు పక్కన ఉండకూడదు. పండే పండు విడిచే వాయువు దుంపలోని మొగ్గను చంపుతుంది. పైన గడ్డకట్టించే అరలో పెట్టకండి. సంచి మీద పెద్ద అక్షరాలతో పేరు వ్రాయడం మరచిపోవద్దు. పొలుసులు చూసి ఎవరైనా పెద్ద వెల్లుల్లి అనుకుని పప్పులో తాలింపు వేయగలరు. చైనాలో కొన్ని జాతుల లిల్లీ దుంపలు వండుకు తింటారన్నది నిజమే గాని, అవి వేరు, మనం పూలకోసం కొన్నవి వేరు. ఇంత చేసినా రెండో ఏడు పూలు తక్కువే వస్తాయని తెలిసి ఉండండి. ఏటేటా ఖర్చు లేకుండా పూయాలంటే నేలసంపెంగ నాటుకోండి. మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన శృంగార్, సువాసిని, ప్రజ్వల్, వైభవ్ రకాలు ఈ నేలకు అలవాటు పడినవే. వాటికి ఫ్రిజ్ అక్కరలేదు.

చివరగా, అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. ఇంట్లో పిల్లి ఉన్నవారు లిల్లీ పెంచవద్దు. పువ్వు, ఆకు, కాండం, దుంప, ఆఖరికి ఒంటి మీద పడిన పుప్పొడిని నాకినా, పూల కూజాలోని నీళ్ళు తాగినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతిని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. కుక్కలకు అంత ప్రమాదం లేదు. డే లిల్లీ అని అమ్మేదీ పిల్లులకు ఇంతే ప్రమాదకరం. ఇంట్లో ఉన్న కుండీని బాల్కనీలోకి మార్చినంత మాత్రాన పిల్లికి అందకుండా పోదు, వీధి పిల్లులూ వచ్చే చోటు అది. పొరపాటున తిన్నదని అనుమానం వస్తే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా ఆ గంటలోనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. పుప్పొడి బట్టలకు అంటితే నీళ్ళతో తుడవకండి, మరక పట్టేస్తుంది. జిగురు టేపు అంటించి లాగితే పొడి వచ్చేస్తుంది. పువ్వు విచ్చిన రోజునే కేసరాల తలలు గిల్లేస్తే ఈ గొడవ ఉండదు.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి కుండీలు గదిలో ఉన్నవారు ఇంకా ఉంటారు. భోగి నాడు పాత సామాను బయటికి తీసేటప్పుడు వాటినీ వరండాలోకి తీయండి. ఆ రోజునుంచి పది లెక్కపెట్టుకోండి. పూసిన తరువాత ఏ రకం, ఎన్ని రోజులకు పూసింది, ఏ వైపు బాల్కనీ అన్న మూడు వివరాలు ఒక కార్డు మీద వ్రాసి పంపితే ఉగాది సంచికలో అందరికీ పనికివచ్చేటట్టు కలిపి వేస్తాను. ఆ సంచికలో వేసవిలో మేడ మీద కూరపాదులకు నీటి ఎద్దడి గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.